పోడు హక్కుకు ఉపగ్రహం ఒక్కటే సాక్షా?

ఆదిలాబాద్ అడవుల్లో ఏ భూమి ఎవరిదో తేల్చే తగాదా ఇప్పుడు ఆకాశానికి ఎక్కింది. నిజాం కాలంలో జంగ్లాతు అధికారి హద్దు గీత గీసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత రోజుల్లో పటం పట్టుకొని వచ్చాడు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రం పట్టుకొని వస్తున్నాడు. "2005 నాటి ఫొటోలో ఇక్కడ అడవే ఉంది, మీ సాగు కనిపిస్తలేదు, కాబట్టి మీకు పట్టా రాదు" అనే మాట పోడు రైతు చెవిన పడుతున్నది. తాత నాటి నుంచి దున్నుతున్న చెల్క తనదని చెప్పుకోవడానికి, ఎక్కడో వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే యంత్రం సాక్ష్యం కోసం ఎదురుచూడవలసిన గతి గోండు, కోలాం రైతుకు పట్టింది.

మనం శాస్త్రానికి వ్యతిరేకులం కాము. అడవిని ఆకాశం నుంచి కొలవడం మంచి విద్య. ఆ విద్య ఎవరి చేతిలో ఉన్నది, దాన్ని ఎవరి మీద వాడుతున్నారు, ఎవరి మీద వాడటం లేదు అన్నదే మన ప్రశ్న. ఈ సంగతి గ్రామసభలో కూర్చునే ప్రతి కూలీకి, ప్రతి కార్యకర్తకు అర్థం కావాలి. అర్థం కానంత వరకు "కంప్యూటర్ చెప్పింది" అన్న ఒక్క మాటతో మన నోరు మూయించగలుగుతారు.

ఆ తేదీ చుట్టూ తిరుగుతున్న కథ

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2007 డిసెంబరు 31 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆదివాసులు 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి సాగులో ఉంటే, కుటుంబానికి 4 హెక్టార్ల వరకు, అంటే పది ఎకరాలకు కొంచెం తక్కువగా, హక్కు గుర్తించాలన్నది అందులోని ముఖ్యమైన అంశం. కాబట్టి ఆ ఒక్క తేదీ నాడు ఆ భూమి మీద ఏమున్నదన్నది లక్షల కుటుంబాలకు జీవన్మరణ సమస్య అయింది.

తెలంగాణలో 2021 నవంబరు నుంచి పోడు దరఖాస్తులు మళ్ళీ తీసుకున్నారు. నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అడిగిన భూమి పన్నెండు లక్షల ఎకరాలు దాటింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ముఖ్యమంత్రి చేతుల మీదుగా పట్టాల పంపిణీ మొదలైంది. సర్కారు చెప్పిన లెక్క ప్రకారం సుమారు 1 లక్షా 51 వేల మందికి, 4 లక్షల 6 వేల ఎకరాలు. అడిగిన దానిలో మూడో వంతు అన్నమాట. మిగిలిన రెండు వంతుల సంగతి ఏమిటి? అందులో హక్కు లేని దరఖాస్తులు కొన్ని ఉండవచ్చు. కానీ ఏ దరఖాస్తును ఏ సాక్ష్యం చూసి పక్కన పెట్టారో రైతుకు రాతపూర్వకంగా చెప్పవలసిన బాధ్యత సర్కారుది.

ఈ లోగా 2025 మే 30న జీవో 49 వచ్చింది. కవ్వాల్ పులుల అభయారణ్యానికీ మహారాష్ట్రలోని తాడోబాకూ నడుమ సుమారు 1,493 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రంభీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. ఏ భీం అయితే అడవి మీద హక్కు కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడో, ఆయన పేరే ఆ రిజర్వుకు పెట్టారు. ఆదివాసులు కదిలారు. జులైలో సర్కారు ఆ జీవోను నిలిపివేసింది. నిలిపివేత వేరు, రద్దు వేరు. పట్టా చేతికి రాని పోడు రైతు పరిస్థితి ఇలాంటి సమయంలో ఎంత బలహీనంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఉపగ్రహం చూసేది ఏమిటి?

భూమిని పరిశీలించే మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని అమెరికా 1972 జులైలో పంపింది. మన దేశం సొంతంగా ఐఆర్‌ఎస్-1ఏ ను 1988 మార్చిలో పంపింది. ఈ ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే జాతీయ కేంద్రం మన హైదరాబాదులోనే ఉన్నది. బాలానగర్‌లో కార్యాలయం, షాద్‌నగర్‌లో సంకేతాలు పట్టే స్టేషను. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ ఇలాంటి చిత్రాల నుంచే దేశంలో అడవి ఎంతో లెక్క కట్టి, 1987 నుంచి నివేదికలు ఇస్తున్నది.

ఉపగ్రహం మన కంటి లాగా చెట్టూ పుట్టా విడివిడిగా చూడదు. నేలను గళ్ళు గళ్ళుగా చూస్తుంది. అటవీ లెక్కలకు ఎక్కువగా వాడిన మన దేశపు కెమెరాలో ఒక్కో గడి 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే సుమారు ఐదున్నర గుంటలు. ఎకరం చేను ఆ చిత్రంలో ఏడు చుక్కలు. గట్టు మీద ఉన్న గడిలో సగం చేను, సగం పొద పడితే, యంత్రానికి అది చేనూ కాదు, పొదా కాదు. ఎటు వేయాలో నిర్ణయించేది దఫ్తరులో కూర్చున్న మనిషే. ఇంతకన్నా నిశితంగా చూసే ఉపగ్రహాలు 2005 నాటికే ఉన్నాయి. అందుకే "ఫొటోలో లేదు" అన్నప్పుడు, "ఏ ఫొటో, ఏ రోజుది, గడి ఎంత?" అని అడిగే హక్కు మనకు ఉంది.

రెండో సంగతి. అటవీ సర్వే సంస్థ లెక్కలో హెక్టారుకు పైబడిన ఏ నేల మీదనైనా, పైనుంచి చూస్తే పదో వంతుకు మించి చెట్ల నీడ ఉంటే అది అడవి. ఆ భూమి ఎవరిది, దేనికి వాడుతున్నారు అన్నది దానికి పట్టదు. యూకలిప్టస్ తోట అయినా, మామిడి తోట అయినా అడవి లెక్కలోకి పోతుంది. 2021 నివేదిక తెలంగాణలో రెండేండ్లలో అడవి 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్నది. చెట్టు నీడ పెరిగింది అంటే నమ్మవచ్చు. పాత అడవి అంత మేర తిరిగి వచ్చిందా, తోటలు ఎంత, అనేది ఆ ఒక్క అంకె చెప్పదు.

సముద్రం ఒడ్డున పనికొచ్చిన విద్య

ఈ విద్య ఎక్కడ బాగా పనిచేస్తుందో కూడా చూడాలి. గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరింగ అడవి వాటిలో పెద్దది. ఆంధ్రప్రదేశ్ తీరం పొడుగునా మొత్తం మడ అడవి 400 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ బురదలో, ఆటుపోట్ల నడుమ మనిషి గొలుసు పట్టి కొలవడం చాలా కష్టం. ఉపగ్రహానికి మాత్రం అది తేలిక. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఆ చెట్లు ఉపగ్రహ చిత్రంలో ముదురు ఎరుపుగా కనిపిస్తాయి. పచ్చదనాన్ని ఎరుపుగా చూపడం ఆ చిత్రాల పద్ధతి. చుట్టూ నీరు నల్లగా ఉంటుంది. రొయ్యల చెరువు తవ్వితే నలుపలకల గళ్ళు కొట్టినట్టు కనిపిస్తుంది. ఏ సంవత్సరంలో మడ ఎంత పోయింది, చెరువు ఎంత వచ్చింది అని రెండు చిత్రాలు పక్కపక్కన పెడితే దాపరికం లేకుండా తేలుతుంది.

అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: చెట్టు ఉన్నదా, పోయిందా? ఆ ప్రశ్నకు ఉపగ్రహం మంచి సాక్షి. చేపల వేట మీద బతికే పేదలకు, తుఫాను గాలిని మడ అడ్డుకుంటుందని తెలిసిన తీర గ్రామాలకు ఆ సాక్ష్యం అండగా నిలుస్తుంది. ఆదిలాబాద్ పోడులో అడిగే ప్రశ్న వేరు: ఈ నేల మీద ఎవరు బతుకుతున్నారు? ఎన్ని తరాల నుంచి? ఈ ప్రశ్నకు చెట్టు నీడ జవాబు కాదు. మొదటి ప్రశ్నకు పనికొచ్చిన యంత్రాన్ని తెచ్చి రెండో ప్రశ్నకు తీర్పు చెప్పించడమే ఇక్కడ జరుగుతున్న మోసం.

పోడు ఎందుకు కనిపించదు?

ఇందుకు కారణాలు వ్యవసాయం చేసేవారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఒకటి, గట్టు నేల ఏటా పంట ఇవ్వదు. రెండు మూడేండ్లు దున్ని, కొన్నేండ్లు బీడు పెడతారు. బీడులో పొదలు లేస్తాయి. 2005 డిసెంబరులో ఆ చేను బీడు మీద ఉంటే చిత్రంలో పొదలే కనిపిస్తాయి. రైతు ఆ నేలను వదిలిపెట్టాడని దాని అర్థమా?

రెండు, ఆదివాసి చేనులో ఇప్ప చెట్టును నరకడు. తునికి చెట్టును ఉంచుతాడు. ఇప్పపువ్వు, తునికాకు కూడా ఇల్లు గడిచే ఆదరువే. చెట్లను కాపాడినందుకు ఉపగ్రహం ఆ చేనును అడవి అంటున్నది. చెట్టు మిగల్చకుండా నరికినవాడి చేను మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. చెట్టును బతికించిన రైతుకే శిక్ష పడే న్యాయం ఇది.

మూడు, డిసెంబరు నెలలో కంది చేను ఏపుగా పచ్చగా ఉంటుంది. చిత్రంలో పొదకూ కందికీ తేడా పట్టడం అంత సులువు కాదు. పైగా ఆ నెలలో ఎండ ఏటవాలుగా పడి, గుట్టల నీడ లోయల్లోని చేల మీద పరచుకుంటుంది.

నాలుగు, ఇది ఆదివాసేతర పేదలకు సంబంధించిన సంగతి. దళితులు, వెనుకబడిన కులాల కూలీలు ఈ చట్టం కింద హక్కు కోరాలంటే, 2005కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు ఆ అడవి ప్రాంతంలో బతికినట్టు చూపాలి. లెక్క వేస్తే 1930కి పోతుంది. మొదటి లాండ్‌శాట్ ఎగిరింది 1972లో. ఆనాటి చిత్రంలో ఒక్కో గడి ఎకరంన్నర పైనే. 1930 నాటి బతుకును చూపే ఉపగ్రహం ప్రపంచంలోనే లేదు. అది చెప్పగలిగింది ఊరి పెద్దలు, పాత బావులు, బొందలగడ్డలు, నిజాం నాటి కాగితాలు మాత్రమే.

చట్టం మన వైపే మాట్లాడుతున్నది

ఇందులో వింత ఏమిటంటే, చట్టం ఈ సంగతులన్నీ ముందే గుర్తించింది. నియమాలలో పదమూడవది ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెబుతుంది. సర్కారు రికార్డులు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు ఒక వరుస. ఇల్లు, గుడిసె, ఒడ్లు, చదును చేసిన నేల మరో వరుస. బావి, శ్మశానం, దేవుడి తావు ఇంకో వరుస. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమే. వీటిలో రెండు ఉంటే చాలు.

2012 సెప్టెంబరులో కేంద్రం ఆ నియమాలను సవరించి రెండు ముఖ్యమైన మాటలు చేర్చింది. మొదటిది: ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యానికి తోడుగా ఉండవచ్చు గాని, దాని స్థానాన్ని ఆక్రమించరాదు. ఫలానా కాగితమే తేవాలని ఏ కమిటీ పట్టుబట్టరాదు. రెండవది: సాగు హక్కు అంటే దున్నిన చాలు మాత్రమే కాదు. పశువుల తావు, కల్లం, వంతుల వారీగా వదిలే బీడు, చెట్ల పంట, ధాన్యం దాచే చోటు కూడా అందులో భాగమే. "బీడుగా కనిపిస్తున్నది" అని పట్టా నిరాకరించడం అంటే ఆ నియమాన్ని కాలరాయడమే.

2013లో గుజరాత్ హైకోర్టు ముందుకు ఈ వివాదమే వచ్చింది. అక్కడి సర్కారు ఉపగ్రహ చిత్రాలను చూపి ఆదివాసుల దరఖాస్తులు పెద్ద ఎత్తున తిరస్కరించింది. మిగతా సాక్ష్యాలనూ లెక్కలోకి తీసుకొని మళ్ళీ పరిశీలించాలని కోర్టు ఆదేశించింది.

అయినా ప్రమాదం తొలగలేదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తు తిరస్కరణకు గురైన వారిని అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆక్రమణల స్థితిని ఉపగ్రహ సర్వే చేసి తన ముందు పెట్టాలని అటవీ సర్వే సంస్థకూ చెప్పింది. దేశమంతా ఆందోళన చెలరేగింది. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఖాళీ చేయించే ఉత్తర్వును నిలిపింది. అన్యాయంగా తిరస్కరించిన దరఖాస్తు ఏదో ఒక రోజు ఇల్లు ఖాళీ చేయించే కాగితంగా మారగలదని ఆ పదిహేను రోజులు నేర్పాయి.

కెమెరాను అటు కూడా తిప్పండి

ఉపగ్రహానికి పేదా పెద్దా తేడా లేదు. అది అన్నింటినీ చూస్తుంది. మరి దాని చిత్రాలు పోడు రైతు మీదికే ఎందుకు వస్తున్నాయి? మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు నేలను గుల్ల చేసి, మట్టి గుట్టలు పోసిన సంగతి ఆకాశం నుంచి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కాళేశ్వరం ఎత్తిపోతల కోసం మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమిని వదులుకోవడానికి సర్కారుకు అనుమతి దొరికింది. అక్కడ పోయిన అడవికి బదులు ఎక్కడో మొక్కలు నాటాలి. ఆ "ఎక్కడో" ఎక్కడ?

2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో పోయిన అటవీ సిబ్బందికీ, ఆ నేల తమ సాగు అన్నవారికీ ఘర్షణ జరిగింది. విధి నిర్వహణలో ఉన్న మహిళా అధికారి మీద చేయి చేసుకోవడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ దెబ్బల వీడియో దేశమంతా తిరిగింది గాని, ఆ నేల మీద ఎవరికి ఏ హక్కు ఉన్నదో ముందు తేల్చారా అన్న ప్రశ్న తిరగలేదు. అదే నెలలో కాగజ్‌నగర్ ప్రాంతంలోని కోలాంగొంది కోలాంలను అడవి నుంచి తరలించిన వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. 2022లో దండేపల్లి మండలం కోయపోచగూడలో ఆదివాసి ఆడవాళ్ళు జైలుకు పోయారు. పెద్ద ప్రాజెక్టు అడవిని మింగితే, దాని బాకీ చిన్న రైతు చెల్క తీర్చాలా?

చిత్రం పెద్దల మీదికి తిరిగితే ఏమవుతుందో బ్రెజిల్ చూపింది. అక్కడి అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి అమెజాన్ అడవి ఏటా ఎంత నరుకుడు పడుతున్నదో ఉపగ్రహంతో లెక్క తీసి బయట పెడుతున్నది. ఆ నరుకుడులో పెద్ద పాలు పశువుల మేత భూముల కోసమే. 2019లో నరుకుడు పెరిగిందని సంస్థ లెక్క చెప్పింది. అధ్యక్షుడు బొల్సొనారో ఆ లెక్కే అబద్ధమన్నాడు. సంస్థ డైరెక్టరు రికార్డో గల్వావ్ ఎదురు మాట్లాడినందుకు ఉద్యోగం ఊడింది. పేదవాడికి వ్యతిరేకంగా చూపినప్పుడు శాస్త్రం, పెద్దవాడికి వ్యతిరేకంగా చూపినప్పుడు అబద్ధం! పాలకుల న్యాయం ఏ దేశంలోనైనా ఒకే తీరుగా ఉన్నది.

గ్రామసభ చేతికి చిత్రం

ఇప్పుడు మన ముందు ఉన్న పని ఏమిటి? ఉపగ్రహ చిత్రాన్ని కాదనడం కాదు. దాన్ని దఫ్తరు నుంచి గ్రామసభ ముందుకు తేవడం.

అటవీ, రెవెన్యూ పటాలు గ్రామసభకు ఇవ్వవలసిన బాధ్యత డివిజన్ స్థాయి కమిటీదని నియమాలే చెబుతున్నాయి. గ్రామసభ తీర్మానం చేసి వాటిని అడగాలి. ఉపగ్రహ చిత్రం చూపి కాదన్న ప్రతి దరఖాస్తుకూ ఆ చిత్రం నకలు, అది తీసిన తేదీ, ఉపగ్రహం పేరు, గడి కొలత రాసి ఇమ్మనాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలి.

హద్దుల మీద ఊరంతా కలిసి నడవాలి. ఒడ్లు, రాళ్ళ కుప్పలు, పాత బావి, బండి బాట, కల్లం ఎక్కడున్నాయో గుర్తులు రాయాలి. ఆ ఊరి ముసలివాళ్ళ వాంగ్మూలాలు వాళ్ళు బతికుండగానే రాయించాలి. గతంలో జంగ్లాతోళ్ళు వేసిన జుర్మానా రసీదు ఉంటే పారేయవద్దు. ఆ రోజు ఆ నేల మీద మీరు ఉన్నారని వాళ్ళ చేత్తో వాళ్ళే రాసి ఇచ్చిన కాగితం అది. రసీదు లేదన్న ఒక్క కారణంతో కూడా హక్కు నిరాకరించడానికి వీల్లేదు.

ఊళ్ళలో చదువుకున్న పిల్లలు ఉన్నారు. లాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుంచి పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. మన అంతరిక్ష సంస్థ 2009లో భువన్ పేరుతో పటాలను అందరి ముందుకు తెచ్చింది. ఒక్క డిసెంబరు చిత్రం చూసి చేను లేదన్నవారికి, దానికి ముందూ వెనుకా సంవత్సరాల చిత్రాలు వరుసగా పెట్టి చూపితే, ఒక ఏడు దున్నకం, ఒక ఏడు బీడు అని మన పద్ధతే అందులో బయటపడవచ్చు. అప్పుడు అదే ఉపగ్రహం మన తరఫు సాక్షి అవుతుంది.

తిరస్కరణ కాగితం చేతికి అందిన 60 రోజుల లోపల పై కమిటీకి అప్పీలు చేయాలి. గడువు దాటితే మన బలం తగ్గుతుంది. దరఖాస్తుల పరిశీలన పూర్తయ్యే వరకు ఎవరినీ భూమి నుంచి తొలగించరాదని చట్టం నాలుగో సెక్షన్ చెబుతున్నది. ట్రాక్టరు వచ్చి కందకం తవ్వే రోజున ఈ సెక్షన్ ఊళ్ళో ప్రతి ఒక్కరి నోట రావాలి.

ఆదివాసి రైతునూ, ఆదివాసేతర కూలీనీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పే ప్రయత్నాలు ఈ జిల్లాల్లో కొత్త కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకీ గుండ్లకు ఎదురు నిలిచినవారు అడిగింది కూడా భూమి హక్కే. ఆ హక్కు ఈనాటికీ దరఖాస్తుల కట్టల్లో నలుగుతున్నది. ఆ కట్టలు ఒక్కొక్కటిగా విప్పించి, తిరస్కరించిన ప్రతి దరఖాస్తునూ గ్రామసభ ముందు తిరిగి విచారించాలని ఉమ్మడిగా డిమాండ్ చేయాలి. ఈ వానాకాలం సాగు మొదలయ్యేలోపే ప్రతి గూడెంలో గ్రామసభ జరిపించే పనికి కార్యకర్తలు పూనుకోవాలి.